షుగర్ ఇచ్చిన

మామిడిపల్లిలో ఆ వీధివాళ్ళకు ఒంట్లో నలతగా ఉంటే ముందు గుర్తొచ్చేది అనంతమ్మ ట్రంకుపెట్టె. దవాఖాన ఆ తర్వాతే.

ఆ పెట్టె ఊరికే పుట్టలేదు. 2011 ఎండాకాలంలో తెలంగాణ కోసమని రెండు రోజుల బంద్ పడింది. అదే సమయానికి మనవరాలికి జ్వరం ముంచుకొచ్చింది. కొడుకు జగదీశ్ శంషాబాద్ దాకా వెళ్ళి చూసొచ్చినా ఒక్క మందుల దుకాణం షట్టరు లేవలేదు. పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ రెండు రోజులు కూర్చున్న అనంతమ్మ, ఇక తన ఇంట్లో మందు లేదన్న మాట వినపడకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఏడాది బంద్ లేని వారం ఉందంటే అదే వింత మరి.

అప్పటినుంచి మొదలుపెట్టింది మహాతల్లి. పెద్ద కంపెనీ పేరు లేకపోయినా అదే మందు చవకగా దొరికే దుకాణం ఒకటి ఉందని ఎవరో చెబితే, వెతుక్కుంటూ వెళ్ళి పాత చీటీలన్నీ చూపించి సంచీ నింపుకొచ్చింది. ఒక్కో రకాన్ని ఒక్కో గుడ్డసంచిలో వేసి కోడలు సునీత చేత పేర్లు రాయించింది. కంపెనీవాళ్ళు పెట్టిన పేర్లు ఎవరికి నోరు తిరుగుతాయి? జ్వరం గోలీ, నొప్పుల గోలీ, గ్యాస్ గోలీ, షుగర్ గోలీ. ఏ రోగాన్ని తగ్గిస్తే ఆ రోగం పేరే గోలీ పేరు. గోలీల పక్కనే సీసాల్లో వాము, శొంఠి, కరక్కాయ, తిప్పతీగ పొడి. ఆకుతో పోయేదానికి గోలీ ఎందుకని తనే వాదించేది, గోలీ కావాల్సినచోట ఆకుతో ఆలస్యం చేయొద్దని తనే కసిరేది. వీధిలో ఆడవాళ్ళు నవ్వుతూనే ఆమెను డాక్టరమ్మ అనేవాళ్ళు. ఆ పిలుపు ఆమెకు ఎంత ఇష్టమో ఆమె మొహమే చెప్పేది.

షుగర్ గోలీల సంచి మాత్రం మొగుడు కుర్మయ్య కోసం. మూడేళ్ళ కింద ఆయనకు షుగర్ ఉన్నట్టు బయటపడింది. ఆ రోజే అనంతమ్మ చక్కెర డబ్బానూ బెల్లం గడ్డనూ పక్కింట్లో ఇచ్చేసి చేతులు దులుపుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో చాయ్ కూడా చప్పగానే కాగింది. చుట్టాలు మొహం చిట్లించినా ఆమె చలించలేదు. నా ఇంట్లో చక్కెర పలుకు కూడా లేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. ఆ ఇంట్లో షుగర్ అంటే రోగం, చక్కెర అంటే తినేది. రెండింటికీ ఒకే పేరు ఉందని చెప్పినా ఆమె నమ్మేది కాదు.

అదే ఏడాది బతుకమ్మ పండుగ రోజులు. సునీత పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు. తుక్కుగూడలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తినే వంటావార్పు ఉందని కుర్మయ్య పొద్దున్నే బయలుదేరాడు. పరిగడుపున షుగర్ గోలీ వేసుకున్నాడు. కాస్త జొన్న గటక తిని వెళ్ళమని ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. అందరితో కలిసి అక్కడే తింటానన్నాడు.

అక్కడ ఉపన్యాసాలు తెగలేదు. పగలు రెండింటికి కూడా గుండిగ పొయ్యెక్కలేదు. కడుపులో ఏదోగా ఉందని కుర్మయ్య ఎండలో పడి ఇంటికి నడిచొచ్చాడు. గడప దాటేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. చేతులు గజగజ వణుకుతున్నాయి. అనంతమ్మ వంక తేరిపార చూశాడు.

"భారతమ్మా, ఎప్పుడొచ్చినవే?" అన్నాడు.

భారతమ్మ ఆయన అక్క. పోయి పదేళ్ళయింది.

 అనంతమ్మ ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి జగదీశ్‌కు ఫోన్ చేసింది. జగదీశ్ విమానాశ్రయంలో క్యాబ్ నడుపుతాడు. ఆమె చెబుతుంటే అతను పక్కనున్న గోవర్ధన్ అనే డ్రైవర్‌కు అదంతా వినిపించాడు. గోవర్ధన్ ఎప్పుడో ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్‌కు వెళ్ళినవాడు. చెమటలు, వణుకు, షుగర్ మనిషి అనగానే అతను తడుముకోకుండా చెప్పాడు. ఆ మాటను జగదీశ్ ఉన్నదున్నట్టు తల్లికి అందించాడు.

"అమ్మా, జల్ది బాపుకు షుగర్ ఇయ్యి. నేనొస్తున్న."

ఇంకేముంది, పెట్టె ఉండనే ఉంది. అందులో ఏడో సంచి షుగర్‌ది. ఇలాంటి గడియ కోసమే కదా ఇన్నాళ్ళూ కూడబెట్టింది అనుకుంటూ, షుగర్ గోలీ ఒకటి తీసి ఆయన చేత మింగించింది. పావుగంట చూసింది. చెమట ఆగలేదు సరికదా, మాట ముద్దయింది. ఒకటి సరిపోలేదేమోనని ఇంకొకటి వేసింది. జగదీశ్ మళ్ళీ ఫోన్ చేసి ఇచ్చినవా అని అడిగితే, ఇచ్చిన బిడ్డా, రెండుసార్లిచ్చిన అని చెప్పింది. కొడుకు గొంతులో ఊపిరి తేలికపడడం ఆమెకు వినిపించింది.

ఫోన్ పెట్టేసి చూసేసరికి కుర్మయ్య తల పక్కకు వాలిపోయింది. పిలిస్తే పలకలేదు.

ఆమె పెట్టిన కేకకు పైపోర్షన్‌లో కిరాయికుండే వేదవతి మెట్ల మీద పరుగెత్తుకొచ్చింది. కాకినాడ వైపు మనిషి. తల్లికి పదిహేనేళ్ళు షుగర్ చూసుకున్న చేయి ఆమెది. కుర్మయ్య నుదురు తాకి, రెప్ప పైకెత్తి చూసింది.

"షుగర్ పడిపోయిందండీ. ఏమైనా ఇచ్చారా?" అని అడిగింది.

ఇచ్చిన అంది అనంతమ్మ. ఇచ్చాక కూడా ఇలా ఎందుకున్నారని వేదవతి బిత్తరపోయింది. సరే, మళ్ళీ ఇద్దాం, పంచదార డబ్బా ఎక్కడుందని వంటింట్లోకి వెళ్ళి అరలన్నీ తడిమింది.

"మా ఇంట్ల చక్కెర లేదమ్మా," అంది అనంతమ్మ.

వేదవతి వెనక్కి తిరిగింది. "మరి ఇందాక ఏం ఇచ్చారు?"

అనంతమ్మకు అప్పుడు వెలిగింది. షుగర్ అంటే ఆ షుగరా!  పడిపోయినదాన్ని ఇంకా కిందికి తొక్కేసింది తనే, ఈ చేత్తోనే. ఒకటి కాదు, రెండు. వేదవతి జవాబు కోసం ఆగలేదు. పైకి పరుగెత్తి పంచదార డబ్బాతో దిగింది. కుర్మయ్యను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, పంచదార తడిపి ముద్దచేసి, కొంచెం కొంచెంగా దవడ లోపల రాసింది. అనంతమ్మ మంచం మీదున్న గోలీల రేకును రొంటిన దోపుకుంది. ఎందుకు దాచిందో ఆ క్షణం ఆమెకే తెలియదు.

జగదీశ్ వచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచాడు. అయినా దవాఖానకు తీసుకెళ్ళాల్సిందేనని వేదవతి పట్టుబట్టింది. దారిలో రోడ్డుకు అడ్డంగా రాళ్ళూ టైర్లూ ఉన్నాయి. క్యాబ్‌లో ఉన్నది కుర్మయ్య అని తెలియగానే సమ్మెవాళ్ళే వాటిని పక్కకు లాగి దారిచ్చారు.

శంషాబాద్‌లోని ఆ చిన్న దవాఖానలో సూదితో గ్లూకోజ్ ఎక్కించారు. అరగంటకల్లా కుర్మయ్య లేచి కూర్చుని ఇడ్లీలు తిన్నాడు. వంటావార్పులో అన్నం దక్కలేదని నిష్ఠూరం కూడా ఆడాడు. డాక్టరు ఏం జరిగిందని అడిగితే జగదీశే చెప్పాడు. పొద్దున ఒక గోలీ వేసుకుని ఏమీ తినలేదని, పడిపోగానే అమ్మ రెండుసార్లు షుగర్ ఇచ్చిందని అన్నాడు.

డాక్టరు అనంతమ్మ వైపు మెచ్చుకోలుగా చూశాడు. చాలామందికి ఆ మాత్రం కూడా తెలియదన్నాడు. మీరు వెంటనే షుగర్ ఇవ్వబట్టే మనిషి దక్కాడన్నాడు. గంట చూసి ఇంటికి పంపేస్తానని చీటీ రాయసాగాడు. మా అమ్మను వీధిలో డాక్టరమ్మ అంటారు సార్ అని జగదీశ్ మురిసిపోయాడు.

 మనిషి లేచి కూర్చున్నాడు కదా, నవ్వుతున్నాడు కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని అనంతమ్మకు ఒక మనసు. కొడుకు ముందు, ఈ నర్సుల ముందు, రేపు వీధి వీధంతటి ముందు ఏ మొహం పెట్టుకుని తిరుగుతానని అదే మనసు. కానీ కడుపులోకి పోయిన గోలీలు ఎక్కడికి పోతాయి? రొంటినున్న రేకు అంచు గుచ్చుకుంటూనే ఉంది. డాక్టరు కలం మూత పెట్టాడు. జగదీశ్ వంగి తండ్రి చెప్పులు ముందుకు జరిపాడు.

ఆమె రేకు తీసి బల్ల మీద పెట్టింది.

"సార్, నేనిచ్చింది చక్కెర కాదు. షుగర్ గోలీ. రెండిచ్చిన."

 డాక్టరు రేకు తిప్పి పేరు చదివాడు.  రాసిన చీటీని చింపేసి, కుర్మయ్యను మళ్ళీ పడుకోబెట్టమని నర్సుకు చెప్పాడు. తర్వాత అనంతమ్మతో నెమ్మదిగానే అన్నాడు.

"ఈ గోలీ రేపటిదాకా షుగర్‌ను కిందికి లాగుతూనే ఉంటుందమ్మా. ఇంటికి తీసుకెళ్ళి ఉంటే ఈయన పడుకునేవాడు. నిద్రపోతున్నాడనే మీరంతా అనుకునేవాళ్ళు."

ఆయన అన్నట్టే అయింది. ఆ రాత్రి రెండుసార్లు కుర్మయ్యకు షుగర్ పడిపోయింది. రెండుసార్లూ సూదిమందు సిద్ధంగా ఉంది కాబట్టి లేపగలిగారు. జగదీశ్ తల్లిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆమెకు అనిపించింది. మరునాడు సాయంత్రం అతనే తండ్రి పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు అంతా చెప్పాడు. కుర్మయ్య విని ఊఁ అన్నాడు, అంతే. అనంతమ్మ వరండాలోనే ఉండిపోయింది. ఆయన మొహం చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

మూడోనాడు పొద్దున నర్సు ఒక గోలీ ఆమె చేతిలో పెట్టి, టిఫిన్ తిన్నాడు కాబట్టి ఇది వేయమని చెప్పి వెళ్ళింది. తెల్లటి చిన్న గోలీ. అది ఏ రోగానిదో ఆమె అడగలేదు. అడగాలని తోచేలోపే కాళ్ళు మంచం దగ్గరికి నడిచాయి. ఆమెను చూడగానే కుర్మయ్య లేచి కూర్చుని నోరు తెరిచాడు.

"ఏం గోలీ అని అడుగవా?" అంది ఆమె. 

"నువ్విచ్చినంక అడుగుడేందే," అన్నాడు కుర్మయ్య.

మళ్ళీ నోరు తెరుచుకుని కూర్చున్నాడు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. చేయి మాత్రం ముందుకు పోలేదు. గోలీని గుప్పిట్లో బిగించి, ఇది ఏం గోలీయో చెప్పమని అడగడానికి నర్సు దగ్గరికి వెళ్ళింది.