ఒక గుక్క సైడర్

పాలిష్ మేస్త్రి తాగుడు మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి కార్ఖానాలో అందరికీ తెలుసు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషి మాత్రం నమ్మలేదు. ఆ ఒక్క మనిషీ ఆయన భార్య.

పాపం, ఆమెను అనడానికి లేదు. ఆయన పని అలాంటిది. బల్లలకూ బీరువాలకూ వేసే పాలిష్ అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా చేతులు అందులోనే నానుతాయి. చొక్కా, జుట్టు, గోళ్ళ సందులు, అన్నీ అదే వాసన. ఇరవై ఏళ్ళు ఆయన ఆ వాసన చాటున దాక్కుని హాయిగా తాగాడు. ఎప్పుడైనా ఆమె నిలదీస్తే, పని వాసనే అని చేతులు చాపి చూపించేవాడు. నాలుగుసార్లు ఒట్టు పెట్టాడు, నాలుగుసార్లూ ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాడు. అయిదోసారి ఒట్టు పెట్టకుండానే మానేశాడు. తీరా మానేశాక, ఒకప్పుడు కాపాడిన వాసనే ఎదురు తిరిగింది. చుక్క ముట్టకుండా ఇంటికొచ్చినా మనిషి దగ్గర అదే గుబాళింపు. ఆమె తిట్టేది కాదు, అడిగేది కాదు. ఒకసారి చూసి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. తిడితే తిరిగి నాలుగు మాటలనైనా బతికేవాడు.

ఇంట్లో సంగతి ఇలా ఉంటే, కార్ఖానాలో ఇంకో తలనొప్పి ఉండేది. అక్కడ ఏ పెద్ద వస్తువు పూర్తయినా ఎనిమిది మందీ దాని చుట్టూ నిలబడి, తలా ఒకసారి చెక్క మీద అరచెయ్యి ఆనించి, మందు గ్లాసు ఎత్తి తాగేదాకా అది బయటికి కదలదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఎవరూ మానరు. పైగా చివరి చెయ్యి పాలిష్ మేస్త్రిదే కాబట్టి గ్లాసు ముందు ఆయనే ఎత్తాలి. మానేసిన కొత్తలో ఆయన ఆ వేళకు కాలికి బుద్ధి చెప్పేవాడు. చెక్కలు ఆరబెట్టిన పెరట్లో నిలబడి లోపలి నవ్వులు వినేవాడు. ఒకసారి మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి నిలబడితే, ఎవరో పోయినట్టుందని పెద్ద మేస్త్రి నొచ్చుకున్నాడు.

ఆ గండం గట్టెక్కించింది కుట్టక్క. సోఫాలకూ కుర్చీలకూ మెత్తలు కుట్టే మనిషి. వయసులో అందరికంటే పెద్ద, మాటలో అందరికంటే గట్టి. ఆమె తమ్ముడికి ఆపిల్ తోట ఉంది. దెబ్బ తగిలి అమ్ముడుపోని కాయలు గోతాలకు గోతాలు తెచ్చి పడేస్తాడు. చెక్కరేకులు అతికించే పెద్ద మరప్రెస్సును కుట్టక్క ఒక ఆదివారం శుభ్రంగా కడిగించి, చితక్కొట్టిన కాయలను గుడ్డలో కట్టి దానికింద పెట్టి, మర తిప్పించింది. బంగారు రంగు రసం ధారగా దిగింది. దాన్ని జిగురు కాచే పొయ్యి మీద కొత్త గిన్నెలో సెగలు పొగలు కక్కేదాకా కాచి, దాల్చినచెక్క రెండు ముక్కలు వేసి, వేడివేడిగానే సీసాల్లో పోసి బిగించింది. దాన్ని సైడర్ అంటారని, ఇందులో మత్తు ఉండదని, మేస్త్రి చేతిలో గ్లాసు పెట్టి మరీ చెప్పింది.

దాని గుణాలు ఆమె నోట వినాలి. గొంతులో చేరిన రంపపు పొట్టు కడిగేస్తుందట, తిన్నది అరుగుతుందట, నిద్ర పడుతుందట. నున్నగా చిత్రిక పట్టే ముసలి వడ్రంగి ఒకడు తన మోకాలి నొప్పి కూడా దీంతోనే పోయిందన్నాడు. మోకాలికి రాసుకున్నావా తాగావా అని మిగతావాళ్ళు వారం రోజులు వాణ్ణి ఏడిపించారు. మేస్త్రి ఆ జాబితాలో ఏదీ కాదనలేదు. ఆయనకు తెలిసిన గుణం మాత్రం వేరే. సాయంత్రం ఆరు కొట్టేసరికి నాలుక ఏదో పుల్లగా, ఘాటుగా కావాలని మారాం చేసేది. సైడర్ దాని నోరు మూయించింది. ఆకలి తిరిగొచ్చింది. పొద్దునపూట చేతి వణుకు పోయి, పాలిష్‌లో ముంచిన గుడ్డ ఉండ చెక్క మీద గీత పడకుండా నడిచింది. అన్నిటికీ మించి, ఎనిమిది మందిలో ఒకడిగా గ్లాసు పట్టుకుని నిలబడే చోటు ఆయనకు మళ్ళీ దొరికింది. క్రమంగా మిగతావాళ్ళూ మందు సీసా తేవడం మానేసి సైడరే పోయించుకోసాగారు. ఆయన కోసమని ఒక్కరూ అనలేదు, రుచి బాగుందన్నారు అంతే. ఆ మర్యాద ఆయన మరిచిపోలేదు.

ఆ వారం పన్నెండు మంది కూర్చునే భోజనాల బల్ల ఒకటి చేతిలో ఉంది. ఆదివారం రసమైతే తీశారు గానీ, కాచడానికి పొయ్యి ఖాళీ లేదు. పొద్దున లేస్తే జిగురు గిన్నే దాని మీద. కుట్టక్క గొణుగుతుంటే మేస్త్రి ఓ ఉపాయం చెప్పాడు. పాలిష్ ఆరడానికి ఆయన ఎండుగది ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది, అందులో పెడితే పోలా, వేడి ఏదైనా వేడే కదా అన్నాడు. తన తెలివికి తానే మురిసిపోయి, సీసాలు స్వయంగా మోసుకెళ్ళి వరసగా పెట్టాడు. పచ్చి రసం ఆరు రోజులు గోరువెచ్చని గదిలో కూర్చుంటే ఏమవుతుందో పాలిష్ తెలిసినవాడికి తెలియలేదు, కుట్టుపని తెలిసినామెకూ తట్టలేదు.

శనివారం సాయంత్రం బల్ల పూర్తయింది. అందరూ అరచేతులు ఆనించారు. సీసా మూత టప్పుమని లేచింది, నురగ పొంగింది. ఈసారి భలే కుదిరిందే అని నవ్వుకున్నారు. మేస్త్రి గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు.

తీపి లేదు. గొంతులో దిగుతూ దిగుతూ చురుక్కుమంది. మిగతా ఏడుగురికి అర్థం కానిది ఆయన నాలుకకు వెంటనే అర్థమైంది.

గ్లాసు ఇంకా నిండుగానే ఉంది. చుట్టూ అందరూ తాగుతున్నారు. నువ్వు కొన్నది కాదు, అడిగింది కాదు, ఆపిల్ రసమే కదా అని మనసు వకీలులా వాదించింది. ఇంట్లో ఆమెకు తెలిసే దారే లేదని కూడా గుర్తు చేసింది. చెయ్యి సగం దూరం లేచింది కూడా. అక్కడే ఆపి, గ్లాసు దించాడు. కొత్త పాలిష్ మీద తడి గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుందని, అంత గాభరాలోనూ కిటికీ దాకా నడిచి వెళ్ళి గూట్లో పెట్టాడు. తర్వాత కుట్టక్క దగ్గరికొచ్చి, ఇది పులిసి మందైపోయింది అన్నాడు.

ఆమె తన గ్లాసు మళ్ళీ రుచి చూసి, మొహం పాలిపోయి కూర్చుండిపోయింది. పెద్ద మేస్త్రి ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా అందరి చేతుల్లోని గ్లాసులూ తీసుకుని, సీసాలతో సహా మోరీలో వంపేసి వచ్చాడు. పాలిష్ మేస్త్రి చెప్పులేసుకుంటుంటే కుట్టక్క గుమ్మం దాకా వచ్చి మెల్లిగా అంది.

“ఇంట్లో చెప్పకు తమ్ముడూ. ఏమీ లేనప్పుడే నమ్మని మనిషి, ఇది వింటే ఇంకేం నమ్ముతుంది?”

ఆమె మంచికే చెప్పింది. దారి పొడుగునా ఆ మాట ఆయన చెవిలో జోరీగలా తిరిగింది. మెట్లు ఎక్కుతూ చెప్పకూడదనుకున్నాడు, తలుపు తీస్తూ చెబుదామనుకున్నాడు.

భార్య వంటింట్లో ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాడు, ఎండుగది తెలివితో సహా. ఆమె తల ఎత్తకుండా వింది.

“ఎంత తాగారు?”

“ఒక గుక్క.”

“ఉమ్మేశారా?”

అవునంటే అయిపోయేది. గ్లాసు దించడం ఏడుగురు చూశారు, రేపు ఆమె అడిగినా ఎవరూ కాదనరు. ఇరవై ఏళ్ళుగా అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“లేదు. మింగాను. బాగుంది కూడా.”

ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. తర్వాత దాన్ని మడత పెట్టి దొంతర మీద పెట్టింది.

“ఉమ్మేశానని చెప్పి ఉంటే, ఇన్నాళ్ళదీ అబద్ధమే అనుకునేదాన్ని” అంది.

ఆయన తప్పు చేసినవాడిలా, మళ్ళీ మొదటిరోజు నుంచి లెక్క పెట్టుకుంటానన్నాడు.

“ఎందుకూ? నా లెక్కలో పద్నాలుగు నెలల పదకొండు రోజులు. ఒక గుక్క తీసేస్తే ఎంత తగ్గుతుందేం?”

పాలిష్ మేస్త్రి అక్కడే గుమ్మానికి ఆనుకుని ఏడ్చాడు. ఏడ్వడానికి సిగ్గుపడలేదు. తనకే లెక్క తెలియని రోజుల్ని, నమ్మనట్టు కనిపించిన మనిషి ఒక్కొక్కటే దాచిపెట్టిందని ఆ పూట తెలిసింది. కుట్టక్కకు, కాయలిచ్చిన తమ్ముడికి, మోరీలో వంపిన పెద్ద మేస్త్రికి, అందరికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న మనిషికి ఎలా పెట్టాలో మాత్రం తెలియలేదు.

ఆమె కళ్ళు తుడుచుకుని, వచ్చే ఆదివారం రసం కాచడానికి తానూ వస్తానంది. కుట్టక్కను కూడా చూసినట్టుంటుందంది. ఎన్నింటికి బయల్దేరాలో అడిగింది.