పన్నెండు మంది అమ్మగార్లు, నాలుగు విమానాలు

పార్లమెంటులో బడ్జెట్ కోసినప్పుడు బ్యాంకాక్ పత్రికలన్నీ విమానాల లెక్క రాశాయి గానీ, అమ్మగార్ల లెక్క ఒక్కటీ రాయలేదు. నోంగ్ ఫై వైమానిక స్థావరంలో పన్నెండు పాత జెట్లు రిటైరవుతున్నాయి. వాటి బదులు పన్నెండు కొత్తవి కావాలని వాయుసేన అడిగింది. ఆస్పత్రులున్నాయి, వరదలున్నాయి, బడిపిల్లల పాలున్నాయి అని సభ వాదించి వాదించి చివరికి నాలుగింటికి సరేనంది. మరి పాతవాటిలో కాపురముంటున్న పన్నెండు మంది మే యానాంగ్ అమ్మలు ఆ నాలుగింట్లో ఎలా సర్దుకోవాలి? ఇది అడిగిన నాథుడు లేడు.

పడవకైనా, బస్సుకైనా, విమానానికైనా లోపల ఒక అమ్మదేవత, మే యానాంగ్, ఉంటుంది. నడిపించేదీ ఆవిడే, కాపాడేదీ ఆవిడే. లారీ క్లీనరు నుంచి సేనాపతి దాకా అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దీని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకోరు. మాట్లాడుకోవలసిన అవసరం ఇప్పుడే వచ్చింది.

అందరికంటే ఎక్కువ దిగులు పడినవాడు ఫ్లైట్ సార్జెంట్ తవిన్. అతను పదిహేడో నంబరు జెట్‌కి క్రూ చీఫ్. అంటే ఎగరేసే పైలట్లు వస్తారు, పోతారు, విమానం మాత్రం అతనిది. మీసం రాని రోజుల్లో చేతికొచ్చిన ఆ విమానం మీసం నెరిసేదాకా అతని దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే దాని ముక్కుకి మల్లెదండ వేసి, ఎర్ర సోడా సీసాలో గొట్టం పెట్టి ముందు చక్రం దగ్గర ఉంచి, "అమ్మా, లేచావా? ఎండ ముదురుతోంది, బయల్దేరదామా?" అని పలకరించాకే స్పానర్ పట్టేవాడు.

"నన్నెప్పుడైనా అంత మర్యాదగా లేపావా?" అని భార్య లమ్యాయ్ దెప్పేది.

"నువ్వు నేలమీదేగా ఉంటావు. ఆవిడ పైలట్‌ని నెత్తిన పెట్టుకుని ఆకాశంలోకి పోవాలి."

"ఇన్నేళ్ళూ నిన్ను నెత్తిన పెట్టుకున్నదాన్ని నేను. నాకొక్క సోడా అయినా తెచ్చావా?"

ఆ ప్రశ్నకి తవిన్ చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు.

స్థావరం కమాండర్ అథిప్ ఈ సమస్య మీద మీటింగు పెట్టాడు. పెద్దమనిషి, బొజ్జా గాంభీర్యమూ ఒకే కొలతలో ఉన్నవాడు. "చూడండి, సీనియర్ పైలట్లు నడిపిన నాలుగు విమానాల అమ్మల్ని కొత్తవాటిలోకి ఆహ్వానిద్దాం. మిగతా ఎనిమిది మందికీ ఘనంగా భోజనం పెట్టి, దండం పెట్టి సాగనంపుదాం" అన్నాడు.

వెనక వరసలోంచి తవిన్ లేచాడు. "ఎక్కడికి సార్?"

"ఎక్కడికేమిటి?"

"సాగనంపేది ఎక్కడికి అని, సార్."

అథిప్ ఎదురుగా ఉన్న కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. వాటిలో ఆ ఊసే లేదు. బౌద్ధ విహారం నుంచి వచ్చిన ముసలి గురువు వైపు ఆశగా చూశాడు.

"నేను పవిత్రజలం చల్లుతాను, ముక్కుమీద మూడు గంధపు చుక్కలు పెడతాను" అన్నాడు గురువు, విసనకర్ర ఊపుకుంటూ. "ఆడవాళ్ళ కాపురాలు సర్దడం సన్యాసి పని కాదు నాయనా."

పదిహేడో నంబరు ఆ నాలుగింటిలో లేదు. అది రెండు సీట్ల శిక్షణ విమానం, పిల్ల పైలట్లు పాఠాలు నేర్చుకునేది. దాన్ని తుక్కు కింద వేస్తారని తెలిసిన రోజు తవిన్ అన్నం ముందు కూర్చుని చేయి కడుక్కుని లేచిపోయాడు. ఇనుము పోతే పోయింది. తిండీ నీడా లేకుండా ఆవిడ ఆ తుక్కు గుట్ట మీద ఎండలో కూర్చుంటుందే, అదీ అతన్ని తొలిచేసిన బాధ.

కొత్త విమానాలు నాలుగూ వచ్చాయి. వాటి వెంట తయారీదారు దేశం నుంచి హెన్రిక్ అనే ఇంజనీరు కూడా వచ్చాడు. ఆరడుగుల పొడుగు, ఎండకి ఎర్రబడ్డ ముక్కు. పచ్చి బొప్పాయి పచ్చడి తిని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఇంకొంచెం వేయమనేవాడు. గంధం చుక్కలు, దండలు, నలుగురు అమ్మల గృహప్రవేశం అన్నీ పద్ధతిగా జరిగాయి. ఒకటో నంబరు కొత్త విమానానికి తవిన్‌నే క్రూ చీఫ్ చేశారు. అందులోకి వచ్చిన అమ్మ మాత్రం వేరొకరి విమానం ఆవిడ. తవిన్ ఆవిడకి మర్యాదగానే సోడా పెట్టాడు గానీ, మనసు పెట్టలేకపోయాడు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనాల కునుకులో ఉండగా అతను పాత షెడ్డుకి వెళ్ళి పదిహేడో నంబరు ముక్కు మీది దండ తీశాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, "రా అమ్మా. కాస్త ఇరుకే, సర్దుకో. నేనున్నాగా" అని చెప్పుకుంటూ కొత్త విమానం దాకా నడిచాడు. అమ్మ దిగిందనడానికి గుర్తుగా చిన్న బంగారు రేకు అంటించాలి. పైన అంటిస్తే కమాండర్ చూస్తాడు. అందుకని ముక్కు కింద పక్కగా, వంగితే తప్ప కనబడని చోట, ఏవో సన్నటి చిల్లులున్న దగ్గర నొక్కి అంటించి గుట్టుచప్పుడు కాకుండా వచ్చేశాడు. ఆ పూట చాన్నాళ్ళకి ఆకలేసింది.

బడ్జెట్ ఉపసంఘం వచ్చేరోజు రానే వచ్చింది. కొత్త విమానం ఎగిరి చూపించాలి. ఎగిరితే మిగతా వాటి సంగతి వచ్చే ఏడు చూస్తారు, ఎగరకపోతే ఆ మాటే ఎత్తనక్కర్లేదు. ఉపసంఘానికి అధ్యక్షురాలు మేడమ్ విలైవన్. సభలో పన్నెండుని నాలుగు చేసిన మహాతల్లి ఈవిడే. నోటికి జంకు లేదు, చేతిలో గొడుగు దిగదు.

పైలట్ రిన్‌లదా సీట్లో కూర్చుంది. ఇంట్లోనూ బయటా అందరూ ఆమెని కుంగ్ అనే పిలుస్తారు, రొయ్య అని. కుంగ్ స్విచ్ వేయగానే ఎర్రదీపం వెలిగింది. ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ వెలిగింది. హెన్రిక్ తన కంప్యూటర్ తగిలించి చాలాసేపు చూశాడు.

"బయటి గాలి ఎంతుందో కుడివైపు ఒకటి చెబుతోంది, ఎడమవైపు ఇంకొకటి చెబుతోంది. రెండింటికీ పొసగడం లేదు" అన్నాడు.

ఈ మాట థాయిలోకి మారి వరసలో చివరి మెకానిక్ దాకా చేరేసరికి అందరి ముఖాలూ పాలిపోయాయి. లోపల ఎవరో పోట్లాడుకుంటున్నారని వేరే చెప్పాలా? మా పదిహేడో నంబరు అమ్మే అయ్యుంటుంది, పరాయి ఇంట్లో ఇమడలేక గొడవ పెట్టుకుని ఉంటుంది అనుకున్నాడు తవిన్.

హెన్రిక్ టార్చి పట్టుకుని ముక్కు కింద దూరాడు. బయటికొచ్చి చూపుడు వేలు పైకెత్తాడు. దాని కొస మీద బంగారం తళతళలాడుతోంది. "గాలి కొలిచే చిల్లుల్ని మూసేశారు. ఒక పొర కాదు, బోలెడు పొరలు. నా ఉద్యోగంలో ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు."

"ఎవరిది ఈ పని?" అన్నాడు కమాండర్ అథిప్.

కుంగ్ పైనుంచి వంగి చూస్తోంది. ఈ అమ్మాయిని పైకి పంపే విమానం అది. తవిన్‌కి ఆ క్షణంలో సిగ్గు, భయం రెండూ కలిసొచ్చాయి. ఉద్యోగం పోతే పోయిందని ముందుకొచ్చాడు. "నాది సార్. పదిహేడో నంబరు అమ్మని నేనే ఎక్కించాను. ఆవిడకి వేరే చోటు లేదు."

అథిప్ నోరు తెరిచేలోపు ఇంకో సార్జెంటు గొంతు సవరించుకున్నాడు. "ఒక పొర నాది కూడా సార్. ఎగిరి చూపించే విమానం ఇదేనన్నారు కదా, మా అమ్మకి మంచి చోటు దొరుకుతుందని..." ఆ వెనక మరొకడు. తర్వాత ఇంకొకడు. ఇల్లు లేని ఎనిమిది మంది అమ్మల తాలూకు ఎనిమిది మంది క్రూ చీఫ్‌లూ ఒకరి తర్వాత ఒకరు తలలు వంచుకుని బయటికొచ్చారు. ఎవరి మటుకు వాళ్ళు, తామొక్కరే చేసిన దొంగపని అనుకున్నారు పాపం.

"ఇంకా ఒక పొర మిగిలింది" అన్నాడు హెన్రిక్, మళ్ళీ ముక్కు కింద దూరి గోరుతో గీకుతూ.

కమాండర్ అథిప్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అది నాది" అన్నాడు. "నేను మొదట నేర్చుకున్న విమానం అమ్మ. దాన్ని తుక్కుకి వేశాక ఇన్నేళ్ళూ నా కారులోనే ఉంది. కొత్త జెట్‌ని చూస్తే ఆవిడకీ ముచ్చటేసి ఉంటుందని..."

గొడుగు కింద ఇదంతా వింటున్న మేడమ్ విలైవన్ ముందుకొచ్చింది. "విమానం ఎందుకు కదలడం లేదో నాకు సరిగ్గా చెబుతారా?"

"సాంకేతిక కారణం మేడమ్" అన్నాడు అథిప్.

"లోపల అమ్మలు పదిమంది ఉన్నారు మేడమ్" అంది కుంగ్ పైనుంచి. "నాతో పదకొండు. సీటు ఒక్కటే."

అందరూ మేడమ్ వెటకారం కోసం ఎదురుచూశారు. ఆవిడ మాత్రం గొడుగు ముడిచేసింది. "ఎనిమిది విమానాలు కోసింది నేనే కదా" అంది, గొంతు తగ్గించి. "అంటే ఈ ఎనిమిది మందినీ రోడ్డున పడేసింది..." చెప్పులు విడిచి అగరొత్తులు తెమ్మంది. వెలిగించబోతే హెన్రిక్ పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు, ఇంధనం దగ్గర నిప్పు కూడదని. మేడమ్ వెలిగించని అగరొత్తులే నొసటికి ఆనించుకుని, కాలిపోయే సిమెంటు మీద మోకాళ్ళూని, "అమ్మల్లారా, నాకు డబ్బు లెక్కే తెలిసింది, మీ లెక్క తెలియలేదు. తప్పు కాయండి" అంది.

తర్వాత ఒక్కొక్కరే వచ్చి తన పొర తను తుడిచి, తన అమ్మని తను బతిమాలి దించుకున్నారు. ఆఖరి పొర పోగానే దీపం ఆరిపోయింది. చిల్లులు తెరుచుకున్నాయన్నాడు హెన్రిక్. అవునవునన్నారు అందరూ మర్యాదకి. అతను మాత్రం వదలకుండా అన్ని పరీక్షలూ మళ్ళీ చేయించాకే సరేనన్నాడు. కుంగ్ ఇంజను వేసింది. విమానం నేలని వదిలి నిట్టనిలువుగా ఎక్కిపోతుంటే కమాండర్, సార్జెంట్లు, ఉపసంఘం అందరూ చేతులు కళ్ళకడ్డం పెట్టుకుని నోళ్ళు తెరిచి చూశారు. వరిపొలాల్లో నాట్లేస్తున్న వాళ్ళు కూడా నడుములెత్తి కేకలేశారు.

దించిన అమ్మల్ని ఏం చేయాలన్నది మళ్ళీ మొదటికొచ్చింది. ఒకడు తన బావ చేపల పడవలోకి తీసుకెళ్తానన్నాడు. ఇంకొకడికి చెరకు లారీ దొరికింది. స్థావరం అగ్నిమాపక బండికీ పాల వ్యానుకీ పోటీ పడ్డారు. అథిప్ అమ్మ మళ్ళీ కారెక్కింది. అందరికీ ఏదో ఒకటి కుదిరింది. తవిన్‌కి మాత్రం సైకిలు తప్ప ఏమీ లేదు. మబ్బుల మీద తిరిగిన మనిషిని సైకిలు వెనక ఎలా కూర్చోబెట్టడం? దండ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మేడమ్ విలైవన్ వచ్చి పక్కన నిలబడింది. "నా ప్రచారం వ్యాను ఒకటుంది, సార్జెంట్. పోయిన ఎన్నికల్లో అన్ని గతుకుల్లోనూ తిప్పాను కదా, అందులో అమ్మ అలిగి వెళ్ళిపోయిందని మా డ్రైవరు అంటున్నాడు. మీ అమ్మ... వస్తుందా?"

తవిన్ దిక్కులు చూశాడు. కమాండర్ అతని చెవిలో, "ఇచ్చెయ్యవయ్యా. పార్లమెంటులో మన మనిషి ఒకరుంటారు" అని గొణిగాడు.

ఆ మాటకి తవిన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దండని తనే తీసుకెళ్ళి వ్యాను అద్దానికి కట్టాడు. "ఎర్ర సోడాయే తాగుతుంది. మూత తీసి గొట్టం పెట్టాలి. పొద్దున్నే పలకరించకపోతే ముభావంగా ఉంటుంది" అని డ్రైవరుకి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కళ్ళు తుడుచుకుంటే అందరూ చూస్తారని తుడుచుకోలేదు.

"ఒక్క మాట" అంది మేడమ్. "వచ్చే ఏడు మళ్ళీ కోత పెట్టాల్సి వస్తే ఆవిడకి నా మీద కోపం వస్తుందా?"

తవిన్ ఆలోచించాడు. "రాదు మేడమ్. కోత ఆవిడకి అలవాటే. ఇన్నేళ్ళూ పక్క విమానాల్లోంచి ఊడదీసిన సామానుతోనే సంసారం నెట్టుకొచ్చింది. దాంతోనే పిల్లల్ని పైకి తీసుకెళ్ళింది, ఒక్కణ్ణీ వదలకుండా కిందికి తెచ్చింది."

మేడమ్ వ్యాను ముందు తలుపు తనే తెరిచి పట్టుకుని, ఎవరో ఎక్కి కూర్చునేంతసేపు ఆగి, మెల్లగా మూసింది. తను వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది.