మూడోసారి వాడిన దొప్పలు

తూటాలో మందుకీ సీసపు గుళ్ళకీ నడుమ ఒక ప్లాస్టిక్ దొప్ప ఉంటుంది. గుళ్ళు చెదిరిపోకుండా దూరం పోయేది దాని పుణ్యమే. తుపాకి పేలగానే ఆ దొప్ప రేకులు విచ్చుకుని ఎక్కడో పడిపోతుంది. బుద్ధున్నవాడెవడూ దాన్ని ఏరుకోడు. అసిపా ఏరుకునేది.

ఏటా చలి మొదలయ్యే ముందు పట్నం మారాజులు బాతుల వేటకి వచ్చి, లోయ కింది సరస్సు ఒడ్డున తూటాలు నీళ్ళలా ఖర్చుపెట్టి పోయేవారు. వాళ్ళ జీపులు కనుమ దాటగానే అసిపా పిడకల గోనె భుజాన వేసుకుని రెల్లులోకి దిగేది. అవతలి కొండ గొర్రెలకాపరి పెళ్ళాం ఒకసారి ఎదురుపడి, "ఏంటే అసిపా, ఈ వయసులో జడలోకి పూలేరుకుంటున్నావా?" అంది.

"జడెక్కడుందే తల్లీ, ఉన్న నాలుగు వెంట్రుకలూ గొర్రెలు మేసేశాయి" అని అసిపా నవ్వేసింది. నవ్వక ఏం చేస్తుంది?

కొత్త తూటాలు కొనాలంటే ఆమె భర్త బెయిషేకి అనుమతి కాగితం కావాలి. ఆ కాగితానికి కళ్ళ డాక్టరు ముద్ర కావాలి. బెయిషే చూపు ఎలాంటిదంటే, కిందటేడు మందలోంచి తప్పిపోయిన పొట్టేలనుకుని ఒక బండరాయిని అరగంట అదిలించాడు. ఆయనకి ముద్ర వేసే డాక్టరు ఇంకా పుట్టలేదు. అందుకని మొగుడూ పెళ్ళాం పేలిన తూటాలనే ఇంట్లో మళ్ళీ నింపుకునేవారు. సీసం పాత లారీ బ్యాటరీలోది. మందు బెయిషే అన్న చనిపోతూ వదిలిన డబ్బాలోది. దొప్పల పని మాత్రం అసిపాది. వేణ్ణీళ్ళలో నానబెట్టి, మసి కడిగి, విరిసిన రేకుల్ని గరిటె కాడ చుట్టూ నొక్కి నిలబెట్టేది. అంచు చిట్లినవి పొయ్యిలో పారేసేది. అదీ మొదట్లో మాటే.

"మా నాయన ఉన్ని బూటు మడమలోంచి బిళ్ళలు కోసి, దొప్పకి బదులు పెట్టుకునేవాడు. దాంతోనే తోడేళ్ళని కొట్టాడు" అంది ఓసారి.

"మీ నాయన కాలంలో తోడేళ్ళు మర్యాదస్తులే. పక్కకొచ్చి కూర్చుని కాల్పించుకునేవి. ఇప్పటివి దగ్గరికి రావు. ఉన్ని బిళ్ళ పెడితే గుండు నా గడ్డం దాటి పోదు. నాకు దూరం కావాలే ముసల్దానా!"

ఆ మాటా అబద్ధం కాదు. వేసవిలో అవే పాత దొప్పలతో బెయిషే కొండవాలు మీద బోర్లించిన చిల్లుల బకెట్టుని అల్లంత దూరం నుంచి ఎగరగొట్టాడు. బకెట్టు పెద్దది కాబట్టి కనబడింది. ఆ పూట ఇద్దరూ చిన్నపిల్లల్లా సంబరపడ్డారు. ఆ సంబరమే కొంప ముంచింది. ఈ ఏడు సరస్సుకి బాతులూ రాలేదు, మారాజులూ రాలేదు. పిండి కొద్దీ రొట్టె అనుకుని అసిపా రెండుసార్లు కాల్చిన దొప్పల్నే మూడోసారి వేణ్ణీళ్ళలో వేసింది. కొన్నిటి అంచుల్లో వెంట్రుక మందాన గీతలున్నాయి. చూసింది. చూసి కూడా పక్కన పెట్టలేదు.

వాళ్ళకంటూ మిగిలింది ఒక్క బూడిదరంగు గుర్రం. చూలు గుర్రం. గొర్రెలన్నీ ఊరివాళ్ళవి, కాసేందుకే వీళ్ళు ఆ కొండ మీది కొట్టంలో ఉంటున్నారు. గుర్రం లేని కాపరికి ఊరు మందని అప్పగించదు. మంద పోతే కొట్టం ఖాళీ చేయాలి. అప్పుడిక కిందికి దిగి బెయిషే తమ్ముడి ఇంట్లో, తలుపు పక్కన, పరువు లేనివాళ్ళని కూర్చోబెట్టే చోట కూర్చుని, వాళ్ళు పోసిన టీ తాగాలి. బెయిషే దానికన్నా చావు మేలనేవాడు. మాటవరసకి కాదు.

నడిచలిలో ఒక సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, కాళ్ళతో మంచు తవ్వుకుని గడ్డి మేస్తున్న గుర్రాన్ని తోడేళ్ళు చుట్టుముట్టాయి. దాని సకిలింపు విని ఇద్దరూ పరుగెత్తారు. కడుపు బరువుతో అది మంచులో కూరుకుపోయి, ఒక్కచోటే గిరగిరా తిరుగుతోంది. బెయిషే ఒంటిగొట్టం తుపాకి ఎత్తాడు.

"ఎక్కడున్నాయే?"

"గుర్రానికి కుడిపక్క! ఇంకా కుడికి, కుడికి!"

కాల్చాడు. తోడేళ్ళు బెదిరి అటు తిరిగాయి. కానీ గుళ్ళు పది అడుగుల అవతల మంచు మీద, చేటలోంచి జారిన జొన్నల్లా రాలాయి. వాటి పక్కనే దొప్ప రెండు ముక్కలై పడింది. అంత చలిలో ప్లాస్టిక్ గాజులా పెళుసెక్కిపోతుందని వాళ్ళకి తెలియదు. పట్నంవాళ్ళు చలికి ముందే వచ్చి పోయేవారు. వీళ్ళు పరీక్షించింది ఎండలో. చిట్లిన దొప్ప సందుల్లోంచి మందు బలమంతా పక్కకి పోయింది.

బెయిషే ఇంకో తూటా పెట్టి నొక్కాడు. ఈసారి తుస్సుమంది. తోడేళ్ళు వెనక్కి తిరిగి చూశాయి. వాటికి అర్థమైపోయింది. పెద్దది వెళ్ళి గుర్రం తొడ పట్టుకుంది.

అసిపా మంచు కేసి చూసింది. మొదటిసారి పగిలిన దొప్ప ముక్కలే ఉన్నాయి. రెండోది బయట పడలేదు. అంటే గొట్టంలోనే ఇరుక్కుంది. గొట్టం మూసుకుని ఉండగా కాలిస్తే తుపాకి మనిషి మొహంలోనే పేలుతుంది. బెయిషే అప్పటికే మూడో తూటా పెట్టేశాడు.

"ఆగు! ఆగవయ్యా ముసలోడా, కాల్చకు!"

ఆయన చెవికెక్కలేదు. ఏడుస్తూ గురి చూస్తున్నాడు.

"బెయిషే!"

ఆ వైపు ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె నోట ఆ పేరు రాలేదు, ఆయన జబ్బుపడ్డప్పుడు కూడా. బెయిషే చెంప మీద కొట్టినట్టు తిరిగి చూశాడు. అసిపా వచ్చి గొట్టం పట్టుకుని కిందికి వంచింది.

"దొప్ప లోపలే ఉందయ్యా. చచ్చిపోతావ్."

ఆయన తుపాకిని కీలు దగ్గర వంచి తెరిచి తూటా లాగేశాడు. నడుముకున్న కొరడా తీసి, దాని కర్ర గొట్టంలోకి దోపి పొడిచాడు. కర్ర పొట్టిది, సగం దాకానే పోయింది. పుల్ల విరుద్దామంటే ఆ లోయలో చెట్టన్నదే లేదు. అసిపా గొట్టం శుభ్రం చేసే ఇనప చువ్వ కోసం కొట్టానికి పరుగెత్తింది. మోకాలి లోతు మంచులో అదేం పరుగు! తిరిగొచ్చేసరికి సకిలింపు ఆగిపోయింది.

బెయిషే మంచులో కూర్చుని ఉన్నాడు. ఆ చూపుకి తోడేళ్ళు సరిగా కనబడకపోవచ్చు గానీ వినబడుతున్నాయి. తోడేలు చంపిన మాంసం వాళ్ళు నోట పెట్టరు కాబట్టి, తరిమినా ఇంటికి తెచ్చుకోవడానికి ఏమీ లేదు. కడుపులో పిల్ల కూడా పోయింది.

"ఆ దొప్పలు మూడోసారివి. గీతలు చూశాను. చూసి కూడా పెట్టాను" అంది అసిపా. తిడతాడనుకుంది. తిట్టాలని కోరుకుంది.

బెయిషే తిట్టలేదు. "పేరు పెట్టి పిలిచావ్" అన్నాడు.

"నువ్వు వినలేదుగా."

"విననప్పుడు వదిలెయ్యాల్సింది. ఎందుకు పిలిచావే? రేపట్నించి మా తమ్ముడి పెళ్ళాం టీ పోస్తే తాగటానికా?"

అసిపా నోరు తెరిచింది. నువ్వు లేకపోతే నేనెలా బతకనయ్యా అనాలి; ఏ పెళ్ళామైనా అదే అంటుంది. కానీ తమ్ముడి ఇల్లు, తలుపు పక్కన చోటు, దించుకున్న ఈయన తల కళ్ళముందు కదిలాయి. మొగుణ్ణి బతికించుకున్నందుకు తనకి సంతోషం కలగటం లేదని తెలిసింది. అది తెలిశాక ఆమెకి తోడేళ్ళని చూసినప్పుడు కూడా వెయ్యనంత భయం వేసింది. చువ్వ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.