సగం పెరిగిన దవడ

రేపల్లెలో ఎబినేజర్‌కు జరిగే సన్మానానికి రత్నం వెళ్లకూడదనే అనుకుంది. మోకాళ్ల నొప్పులు ఉండనే ఉన్నాయి, వేరే సాకు వెతుక్కోనక్కర్లేదు. కానీ తను రాలేదన్న సంగతి ఎవరూ గమనించకపోతే ఎలా అన్న దిగులు ఆమెను బాపట్ల స్టేషన్ దాకా నడిపించింది. తెనాలిలో దిగి, రేపల్లె బండి కోసం బెంచీ మీద కూర్చుని, వేదిక మీద అతని గురించి చెప్పాల్సిన మంచి మాటలు నాలుగు పోగుచేసుకోబోయింది. ప్రతి మాట వెనకా ఒక ముల్లు మొలుచుకొస్తోంది.

ఇద్దరిదీ రేపల్లే. ఎబినేజర్ ఇప్పుడు ఉండేదీ అక్కడే. లూథరన్ చర్చిలో సండే స్కూలుకు కలిసి వెళ్లినవాళ్లు. ఇద్దరూ భూగర్భశాస్త్రమే చదివారు. ఇద్దరూ ప్రాణహిత, గోదావరి లోయల్లో ఎర్రటి ఎండలకు మాడుతూ డైనోసార్ల ఎముకలు తవ్వారు. ఎముకలు ఎక్కువ దొరికింది రత్నానికి. ఆ మాట ఆ రంగంలో ఎవరైనా ఒప్పుకుంటారు. నడుస్తూ నడుస్తూ ఆగి కాలితో మట్టి జరిపిందంటే అక్కడ వెన్నుపూస ఉండేది. ఎబినేజర్‌కు దొరికింది మనుషులు. అతని దగ్గర చదువుకున్నవాళ్లు పుణెలో ఉన్నారు, ఢిల్లీలో ఉన్నారు, ఒకడు అర్జెంటీనా దాకా వెళ్లాడు. ఇప్పుడు వాళ్ల దగ్గర చదువుకున్నవాళ్లు కూడా పైకొచ్చారు. ఎముకల వయసు లెక్కగట్టే తీరుకు 'ఎబినేజర్ పద్ధతి' అని పేరే పడిపోయింది. రత్నం దగ్గర చేరినవాళ్లు ఏడాది తిరక్కుండా సర్దుకునేవారు. ఒకమ్మాయి బ్యాంకు ఉద్యోగానికి పోయింది. ఒకబ్బాయి నేరుగా ఎబినేజర్ దగ్గరికే పోయాడు. అతను పిల్లలకు టీ తాగించి పొగుడుతాడు, నేను తప్పులు దిద్దుతాను, అంతే కదా తేడా అని ఆమె తనకు తాను చెప్పుకునేది.

ఆమె పేరు నిలబెట్టినది ఒకటే జంతువు. దూడంత ఉండే చిన్న డైనోసార్. దానికి వాళ్లమ్మ కృపమ్మ పేరు మీద కృపాసారస్ అని పేరు పెట్టింది. పేరు పెట్టిన మరుసటి ఏడే ఒక సదస్సులో ఎబినేజర్ లేచి నిలబడి, అది కొత్త జంతువు కాదేమో, తను అంతకుముందే పేరు పెట్టిన చెన్నూరుసారస్ తాలూకు పిల్లేమోనని నవ్వుతూ అన్నాడు. హాలంతా నవ్వింది. రుజువు చూపించమని రత్నం అడిగింది. అతని దగ్గర రుజువు లేదు. ఆ తర్వాత పాతికేళ్లపాటు పుస్తకాల్లో కృపాసారస్ పేరు పక్కన ప్రశ్నార్థకం ఒకటి వేలాడుతూనే ఉంది.

సభ ఒక స్కూలు హాల్లో పెట్టారు. రత్నం వెళ్లేసరికి ముందు వరసలన్నీ ఎబినేజర్ శిష్యులతో నిండిపోయాయి. ఒక్కొక్కరే మైకు పట్టుకుని, సార్ లేకపోతే తాము లేమని చెప్పారు. అర్జెంటీనా అతను చెప్పలేక ఏడ్చాడు కూడా. రత్నం వంతు వచ్చినప్పుడు, ఎబినేజర్ చిన్నప్పట్నుంచీ మంచి మాటకారి అంది. అందరూ దాన్ని మెచ్చుకోలనుకుని చప్పట్లు కొట్టారు.

ఆమె చూపు మాత్రం ఒకమ్మాయి మీదే ఉంది. పేరు ప్రియ. ఎబినేజర్ చివరి శిష్యురాలు. ఈమధ్యే పీహెచ్‌డీ పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కుంటూ రేపల్లె పక్కనే పెనుమూడిలో తల్లిదండ్రుల దగ్గర ఉంటోంది. ఎబినేజర్ కళ్లజోడు తుడిచి ఇస్తోంది. అతను చెప్పిన పాత జోకులకు కొత్తగా నవ్వుతోంది. బిరుదులు అతనికే పోనీ, పద్ధతి పేరూ పోనీ. ఆ కళ్లజోడు తుడిచే చెయ్యి కావాలనిపించింది రత్నానికి.

భోజనాల దగ్గర ఆ ప్రియే వచ్చి పక్కన కూర్చుంది. రత్నం పాత వ్యాసంలో ఉన్న ఒక ఫొటో గురించి అడిగింది. గుట్టకు ఇటు పక్క తవ్వకుండా అటు పక్కే ఎందుకు తవ్వారండీ అని. ఎన్నో ఏళ్లుగా రత్నాన్ని ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. వాన నీరు గుట్ట మీద నుంచి ఎటు దిగుతుందో, మట్టి రంగు ఎక్కడ మారుతుందో, చేత్తో గీసి చూపిస్తూ చెప్పసాగింది. పిల్ల అన్నం కలపడం ఆపి వింటోంది. ఇంతలో అవతల బల్ల నుంచి ఎబినేజర్ "ప్రియా" అని పిలిచాడు. పిల్ల లేచి, "ఇప్పుడే వస్తానండి" అని వెళ్లింది. మళ్లీ రాలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఆమెను పట్టుకుని, ఎవరూ వినకుండా రత్నం అంది.

"నా దగ్గర ఒక దవడ ఉందమ్మా. ఇంకా రాతిలోంచి తియ్యలేదు. ఎవరూ చూడలేదు. నువ్వు చేస్తావా?"

ప్రియ ముఖం వెలిగింది. తిరుగు బండిలో రత్నం చాలాసేపు ఆ వెలుగునే తలుచుకుంది. తెనాలి దగ్గర పడుతుండగా తను చేసిన పని ఏంటో తెలిసొచ్చింది.

ఆ దవడ ఆమెకు దొరికి పన్నెండేళ్లయింది. తవ్వుతున్నప్పుడు రాయి ఒక మూల పగిలి, లోపల నాలుగు పళ్లు కనిపించాయి. ఆ నాలుగూ చాలు. కృపాసారస్ పళ్లకు అంచుల్లో రంపంలాంటి నొక్కులుండవు, పెద్ద జంతువైన చెన్నూరుసారస్ పళ్లకుంటాయి. ఈ నాలుగింటిలో ముందు రెండింటికీ లేవు, వెనక రెండింటికీ అప్పుడే వస్తున్నాయి. అంటే చిన్నదీ పెద్దదీ ఒకటే. సగం పెరిగిన పిల్ల దవడ ఇది. ఎబినేజర్ నవ్వుతూ అన్న మాటే నిజం. రత్నం దాని మీద మళ్లీ ప్లాస్టరు కట్టేసి, విశ్వవిద్యాలయం గదిలో బీరువా అడుగున పెట్టింది. ఉద్యోగం విరమించాక బాపట్లలో ఒక కాలేజీ వాళ్లు పని చేసుకోమని చిన్న గది ఇస్తే, అనుమతి తీసుకుని రాళ్లన్నిటితోపాటు దాన్నీ అక్కడికి తెచ్చింది. ఇప్పుడు ఒక పిల్ల మీద ఆశపడి తన నోటితోనే దాన్ని బయటపెట్టింది. ఇంటికెళ్లగానే ఫోన్ చేసి, పొరపాటు పడ్డాను, అది పనికొచ్చే దవడ కాదని చెప్పేద్దామనుకుంది. చెప్పలేదు. రేపు చెబుదామనుకుంది. ఆ వారంలోనే ప్రియ సంచి భుజాన వేసుకుని బాపట్లలో దిగిపోయింది.

మొదట వారానికి రెండు రోజులు వచ్చేది. ప్రయాణానికే పొద్దు సరిపోతోందని రత్నం తన ఇంట్లోనే ఒక గది ఇచ్చింది. సూది ఎంత వాలుగా పట్టుకోవాలో, రాయి ఎప్పుడు ఎముకలా అబద్ధమాడుతుందో నేర్పింది. టీ పెట్టడం కూడా మొదలుపెట్టింది. ఎబినేజర్ ఇచ్చే టీ కన్నా తనది చిక్కగా ఉండాలని పాలు ఎక్కువ పోయించుకునేది. ప్రియ ఫోన్ మీద సార్ పేరు కనిపించిందంటే చాలు, రత్నానికి అప్పుడే ఏదో పన్ను చూపించాల్సిన అవసరం వచ్చేది. "తర్వాత చేస్తానండి సార్" అని పిల్ల ఫోన్ పెట్టేస్తుంటే ఆమెకు ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

వానాకాలం ముగిసేసరికి పళ్లన్నీ బయటపడ్డాయి. ఎముక ముక్కను పల్చగా కోసి, వయసు కూడా చూసింది ప్రియ. ఆ రోజు మధ్యాహ్నం సూక్ష్మదర్శిని ముందు నుంచి ఎంతకీ లేవలేదు. రత్నానికి అర్థమైంది.

"చెప్పమ్మా, ఏంటి?"

"కృపాసారస్ వేరే జంతువు కాదండి, మేడమ్. చెన్నూరుసారస్ పిల్లే." అని ప్రియ తల దించుకుంది. "మీకు బాధగా ఉంటే ఇది రాయనండి. వేరే పని చూసుకుంటాను."

రాయొద్దు అన్న మాట రత్నం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఈ పిల్ల వేరే పని చూసుకోవడమంటే సంచి సర్దుకుని రేపల్లె బండి ఎక్కడమే.

"ఉన్నది ఉన్నట్టు రాయి" అంది. లేచి వెళ్లి, ఎవరూ తాగక చల్లారిన టీని మళ్లీ వేడికి పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి వాళ్లమ్మను తలుచుకుని కొంచెంసేపు ఏడ్చింది.

వ్యాసం పై ఏడు వేసవిలో అచ్చయింది. ముందు ప్రియ పేరు, పక్కన రత్నం పేరు. కృపాసారస్ అన్న పేరు ఇకమీదట చెల్లదని అందులో స్పష్టంగా రాశారు. ఆ పేరు పెట్టిన మనిషే దాన్ని కొట్టేసిందని దేశదేశాల నుంచి మెచ్చుకోళ్లు వచ్చాయి. ఆమె బతుకులో అన్ని ఉత్తరాలు ఎప్పుడూ రాలేదు. ఎబినేజర్ మాత్రం వారం దాకా పలకలేదు. ఆ తర్వాత ఫోన్ చెయ్యకుండా, కర్ర పట్టుకుని, రెండు బళ్లెక్కి బాపట్లలో ఆమె గదికి తనే వచ్చాడు.

దవడను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు.

"పన్నెండేళ్లు దాచావన్నమాట" అన్నాడు. తవ్విన సంవత్సరం వ్యాసంలో ఉంది మరి.

"దాచాను. నువ్వన్నదే నిజమని ఆ రోజే తెలుసు."

అతను కోప్పడతాడని ఆమె కాచుకుంది. కోప్పడలేదు. నేనైతే అసలు బయటికే తీసేవాణ్ణి కాదు అన్నాడు. దవడను బల్ల మీద పెట్టి, మెల్లిగా అడిగాడు.

"గెలిచింది నా మాటే కదా రత్నం. మరి పిల్ల ఎనిమిది నెలలుగా మా ఇంటికేసి రాదేంటి?"

ఆ గొంతు రత్నానికి కొత్త కాదు. ఇన్నేళ్లూ తన లోపల వినబడింది అదే. అతని నోటి వెంట వింటుంటే జాలేసింది, జాలి కన్నా ముందు సంతోషమేసింది. ఎండన పడి వచ్చావు, భోజనం చేసి వెళ్లమంది.

ఇద్దరూ మాట్లాడుకుంటుండగానే ప్రియ వచ్చింది. సార్‌ను చూసి సంబరపడి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, ఎందుకు చెప్పకుండా వచ్చారండీ అని మందలించి కుర్చీ వేసింది. ఆ వెంటనే చేతిలోని రాతి ముక్కతో తిన్నగా రత్నం దగ్గరికి వచ్చి, ఇది పక్కటెముక అంచా, ఉత్త రాయా అని అడిగింది. ఎబినేజర్ కూడా మెడ సాచాడు కానీ, పిల్ల వీపు అతనికి అడ్డంగా ఉంది.

అది ఉత్త రాయి. ఒక్క మాటలో చెప్పొచ్చు. రత్నం కళ్లజోడు పెట్టుకుని, ముక్కను వెలుగులోకి పట్టుకుని, ఎముక ఎలా ఉంటుందో, రాయి ఎలా ఉంటుందో మొదటి నుంచీ నింపాదిగా చెప్పడం మొదలుపెట్టింది.