మేడమీదివాళ్ళ వైఫై

ఆసుపత్రికి రెండు వీధుల అవతల ఉన్న ఆ ఇంట్లో మేడమీద గది ఖాళీగా ఉండటమంటూ లేదు. రోగుల తాలూకు మనుషులు వారానికో పది రోజులకో వచ్చి దిగేవాళ్ళు. వాళ్ళకి తాళంచెవి ఇవ్వడం, మంచీచెడ్డా కనుక్కోవడం అత్తగారి పని. కోడలు కింద వెనకగదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, డాక్టర్లు మాటల్లో రికార్డు చేసి పంపిన రిపోర్టుల్ని టైపు చేసేది.

వచ్చినవాళ్ళు మెట్లెక్కకముందే వైఫై పాస్‌వర్డ్ అడిగేవాళ్ళు. అత్తగారు చీటీ మీద రాసి ఇచ్చేసేది. ఇలా ఉండగా కోడలి ఆఫీసు నుంచి కబురొచ్చింది. రోగుల కాగితాలున్న నెట్‌వర్క్‌లోకి బయటివాళ్ళు రాకూడదని. కోడలు అటక మీద నుంచి పాత రౌటర్ దింపి, కొత్తదానిలోంచి ఒక తీగ లాగి దానికి తగిలించి, మెట్ల మలుపులో పెట్టింది. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్.

"ఇక వాళ్ళ దారి వాళ్ళది, మన దారి మనది" అని చేతులు దులుపుకుంది.

"ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టినట్టుందే అమ్మాయ్" అంది అత్తగారు.

నెల తిరక్కుండానే మేడమీదకి ఒక పెద్దాయన దిగాడు. టెలిఫోన్ లైన్‌మన్‌గా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. భార్యని ఆసుపత్రిలో చేర్చాడు. డాక్టర్లు ఆమె కడుపులో గడ్డ తీసి పరీక్షకి పంపారు. పొద్దున్నే వెళ్ళేవాడు, మధ్యాహ్నం ఆమె పడుకున్నాక వచ్చేవాడు. ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు. అలాంటి మనిషి ఆరోరోజు మధ్యాహ్నం వచ్చి వెనకగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం అమ్మా. నీ పని చెడగొడుతున్నానేమో."

"పర్లేదు బాబాయిగారూ, చెప్పండి."

"నెట్ ఆగి ఆగి వస్తోంది. దారి ఎక్కడ తెగుతోందో చూద్దామని ఫోనులో కెలికాను. పాత అలవాటు, చెయ్యి ఊరుకోదు. కెలుకుతూ పోతే మీ ఇంట్లోకి వచ్చేశాను."

"మా ఇంట్లోకా?"

"రౌటరుకి తగిలించి నువ్వు ఫైళ్ళు దాచుకునే హార్డ్‌డిస్కు డబ్బా ఉందే, అందులోకి. తాళం కూడా లేదు. రిపోర్టులన్నీ పేర్ల వరసన ఉన్నాయి. వాటిలో మా ఆవిడ పేరుంది."

కోడలు కుర్చీలోంచి లేచింది. ఇంట్లోవాళ్ళం మనమేగా అని ఆ డబ్బాకి పాస్‌వర్డ్ పెట్టలేదు. "చూశారా?" అని అడగబోయింది. ఆయనే అందుకున్నాడు.

"తెరవలేదమ్మా. ఆ పేరు మీద వేలు పెట్టుకుని కూచున్నాను, ఎంతసేపో తెలీదు. రేపు పొద్దున డాక్టరు చెప్తానన్నాడు. మా ఆవిడేమో, ఏదైనా ఇద్దరం కలిసే విందామంది, మాటిచ్చాను. అందుకని ఫోను సూట్‌కేసులో పడేసి కిందకొచ్చా. ఇప్పుడంటే ఆగాను. ఇంకో గంటకి ఆగుతానన్న నమ్మకం నాకే లేదు. మూసెయ్యి తల్లీ."

ఆమె పేరు చెప్పాడు. అప్పుడు తెలిసింది కోడలికి. ఆ రిపోర్టు మొన్న తను టైపు చేసిందే. ఆ డాక్టరు నోట్లో ఏదో నములుతూ మాట్లాడతాడు. కేన్సరు జాడలు ఉన్నాయన్నాడో, లేవన్నాడో తేలక ఆ ముక్కని నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నది. లేవనే అన్నాడు.

ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషి గడ్డం గీసుకుని ఎన్నాళ్ళయిందో, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. చెప్పేస్తే ఆయన ఈ పూటైనా కడుపునిండా తింటాడు. కానీ తను విన్నది ఒక్క కాగితం. ఆ తర్వాత డాక్టర్లు ఇంకేం పరీక్ష రాశారో తనకేం తెలుసు? పైగా ఇవాళ ఈయనకి మంచిమాట చెప్తే, రేపు మేడమీదకి వచ్చి ఆ సంగతి విన్న ఇంకొకరు తన మౌనాన్ని బట్టి చెడు ఊహించుకుంటారు. ఆయన అంత కష్టపడి నిలబెట్టుకున్న మాటని తన నోటితో పోగొట్టడమా? మింగేసింది.

"రండి బాబాయిగారూ, ఎక్కడ తప్పు చేశానో చూపించండి" అంది.

ఆయన తీగల వెంబడి చూపు నడిపి తల ఊపాడు. "పెట్టడం పెట్టావు గానీ వరస తప్పింది. బయటి లైను ముందు నీ రౌటర్లోకి వస్తోంది. మాది దాని వెనక. మేం వీధిలోకి పోవాలంటే నీ హాల్లోంచే నడవాలి. నడిచేవాడు పక్కకి చూడకుండా ఉంటాడా? తిప్పెయ్. ముందు మాది, దాని వెనక నీది. నీ లోపలి రౌటరు, నువ్వు అడిగి తెప్పించుకున్నదాన్నే లోపలికి రానిస్తుంది. ఎవడైనా తనంతట తాను వచ్చి తలుపు కొడితే పలకదు."

"అంటే ఇకనుంచి మేం మీ హాల్లోంచి నడవాలి."

"నడువమ్మా. నువ్వు మమ్మల్ని చూడొచ్చు, మేం నిన్ను చూడలేం. మెట్లకెదురుగా మీ అత్తగారి కిటికీ ఉంది చూడు, అలాగ."

"అన్నీ వినపడుతున్నాయి అన్నయ్యగారూ!" అంది అత్తగారు హాల్లోంచి. ఆ ఆరు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి.

పాత రౌటర్ని బయటి లైను దగ్గరికి మార్చారు. దానిలోంచి తీగ తెచ్చి కొత్తదానికి బయటి లైను ఉండే పోర్టులోనే గుచ్చారు. కంప్యూటరు, ప్రింటరు, ఫైళ్ళ డబ్బా అన్నీ కొత్తదాని కిందకి వచ్చాయి. రెండు రౌటర్లూ తమకి తగిలిన మెషీన్లకి ఒకే వరస అడ్రసు నంబర్లు పంచుతూ కాసేపు మొండికేశాయి. కోడలు ఒకదాని వరస మార్చింది. డబ్బాకి పాస్‌వర్డ్ కూడా పెట్టింది. ఆయన పైకెళ్ళి ఫోను తీసి, తను వచ్చిన దారినే మళ్ళీ రాబోయి చూశాడు.

"రావట్లేదమ్మా!" అని మేడమీద నుంచి కేకేశాడు. ఆ కేకలో ఎంత ఊరటో.

అత్తగారు ఆయనకి టీ పెట్టి పిలిచింది. కోడలు ఆ గదిలో నిలవలేదు. తన ముఖం ఎక్కడ పట్టిస్తుందోనని బట్టలు మడతపెట్టే పని కల్పించుకుంది.

మర్నాడు పదకొండు దాటాక ఆయన తిరిగొచ్చి మెట్ల మీదే కూలబడ్డాడు. "కేన్సరు కాదటమ్మా" అంటూనే ఏడ్చేశాడు. అత్తగారు మంచినీళ్ళ కోసం లోపలికి పరిగెత్తింది. ఆయన కళ్ళు తుడుచుకుని కోడలి వైపు చూశాడు.

"నిన్న నీకు తెలుసు కదూ?"

"తెలుసు బాబాయిగారూ."

"మంచివార్త పెట్టుకుని ఎలా ఊరుకున్నావమ్మా?"

"మీకు కోపమొచ్చిందా?"

"డాక్టరు చెప్తున్నప్పుడు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నాకు ముందే తెలిసుంటే ఆ చేతిలోనే కనిపెట్టేసేది" అన్నాడు.

ఆ సాయంత్రం కోడలు ఆఫీసుకి ఉన్నదున్నట్టు రాసింది. వేరు చేశాననుకున్నాక కూడా దాదాపు నెలరోజులు తలుపు తెరిచే ఉందని, చూసినాయన చదవలేదని, ఇప్పుడు ఎలా సరిచేసిందీ. గట్టిగానే చీవాట్లు పెట్టారు. వారం రోజులు పని ఆపి, ఒకతన్ని పంపి అంతా పరీక్ష చేయించుకున్నాక గానీ మళ్ళీ ఇవ్వలేదు.

ఆ వారంలోనే పెద్దాయన భార్య ఆసుపత్రి నుంచి వచ్చింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ, ఒక పక్క భర్తనీ ఒక పక్క కోడలినీ పట్టుకుని మేడెక్కింది. పైకి చేరి మంచం మీద కూచుని, "ఈయన ఇక్కడ తిన్నాడా, లేక నాతో అబద్ధం చెప్పాడా?" అని అడిగింది. కోడలు ఈసారి ఏదీ దాచకుండా, ఆయన ఏ పూట తిన్నాడో ఏ పూట మానేశాడో అన్నీ చెప్పేసింది.