అందించని మాట

కోవెలలో పదిమంది కలిసి పాశురాలు చదివే గోష్ఠిలో ముందుగా ఎత్తుకునే సుదర్శనం ఒకనాడు చదివిన పాశురమే మళ్లీ చదివాడు. అరవై ఆరేళ్ల మనిషి, అలసిపోయాడేమో అనుకున్నారందరూ. అతని భార్య కల్యాణవల్లి ఇంట్లో అప్పటికే చాలా చూసింది. చెప్పిన సంగతే మళ్లీ చెప్పేవాడు. గూడూరులో ఉన్న కూతురి పేరు నోటికి రాక, ఆ కోపం భార్య మీద చూపేవాడు.

ఆమె బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

“పిచ్చి కాదమ్మా,” అన్నాడు డాక్టరు. “జ్ఞాపకం కొంచెం సడలుతా ఉండాది. దానికి మందు లేదు. అట్లని చేసే పని మాన్పించొద్దండి. తడబడినప్పుడు పక్కనుండే వాళ్లు ఒక మాట అందిస్తే, మిగతాది ఆయనే చెప్తాడు.”

గోష్ఠిలో సుదర్శనం పక్కన కూర్చునేది సొంత తమ్ముడు సంపత్కుమార్. కల్యాణవల్లి అతనికి అంతా వివరించింది.

“ఇంతగా చెప్పాల్నా వదినా? నేను లేనా?” అన్నాడతను.

కొన్నాళ్లు మాట నిలబెట్టుకున్నాడు కూడా. అన్న ఆగినచోట గొంతు తగ్గించి ఒక్క మాట అనేవాడు. సుదర్శనం అక్కడినుంచి ధారగా సాగిపోయేవాడు. ఇంట్లో కసుర్లు తగ్గాయి.

ఉత్సవం రోజున మండపం నిండా జనం. సుదర్శనం మధ్యలో ఆగి తమ్ముడి వైపు చూశాడు. సంపత్కుమార్ నోరు విప్పలేదు. సుదర్శనం వెనక్కి పోయి చదివిందే ఎత్తుకున్నాడు, అక్కడే మళ్లీ ఆగాడు. ఎవరో నవ్వారు. అప్పుడు సంపత్కుమార్ గొంతెత్తి తర్వాతి పాశురం అందుకున్నాడు, చివరిదాకా తానే నడిపించాడు. గోష్ఠి నడిపినవాడికి దక్కే మొదటి తీర్థం ఆరోజు అతనికే ఇచ్చారు.

సుదర్శనం ఇక విశ్రాంతి తీసుకోవాలన్నారు పెద్దలు. ఆ కబురు తెచ్చింది సంపత్కుమారే.

“ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా, సంపత్తూ!”

“ఎన్నాళ్లని మోసేది వదినా? ఆ చోటు కోసం నేనూ ముసలోడినైపోయినాను.”

సుదర్శనం కొన్నాళ్లు వేళకు నామం పెట్టుకుని బయల్దేరబోయేవాడు. కల్యాణవల్లి ఆపేది. ఇంట్లోనే చదవమని తానే మాట అందిస్తే, “ఆడదానివి, నీకెందుకు?” అని కసిరాడు. తర్వాత చదవడమే మానేశాడు. ఏడాది తిరిగేసరికి నోట ఒక్క పాశురమూ మిగల్లేదు.

ఒకరోజు సంపత్కుమార్ ప్రసాదం పులిహోర తెచ్చాడు. సుదర్శనం తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

“ఆ పొద్దు నువ్వు అందుకోకుంటే మన ఇంటి పరువు పోయుండేది అబ్బా. సల్లగా ఉండు.”

సంపత్కుమార్ తల వంచుకుని ఊఁ కొట్టాడు. సుదర్శనం కాసేపటికి ఆ మాటే మళ్లీ అన్నాడు, కళ్లలో నీళ్లు పెట్టుకుని.

కల్యాణవల్లి ఆ పులిహోర ముట్టలేదు.