కృపమ్మ కూర్చున్నప్పుడు

మోకాళ్లు మోటారు సైకిలును ఓర్చుకోలేని రోజులు వచ్చాక రుద్రవరం రైతు సంజీవయ్య కారు కొన్నాడు. హైదరాబాదులో ఒక డాక్టరు వాడి అమ్మేసిన పెద్ద కారు. ప్రతి ఆదివారం భార్య కృపమ్మను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఆళ్లగడ్డ చర్చికి వెళ్లి వచ్చేవాడు.

వానాకాలం దాటాక ఆ కారు డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఎర్రగా వెలగడం మొదలైంది. నంద్యాలలో ఒకతను కంప్యూటరు తగిలించి, పక్క సీటు సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని చెప్పి లైటు ఆర్పేశాడు. దారి సగం దాటకముందే మళ్లీ వెలిగింది. ఇంకొకతను బల్బు తీసేస్తే సరిపోతుందన్నాడు. సంజీవయ్య ఒప్పుకోలేదు. చివరికి ఎవరో చెబితే, ఆళ్లగడ్డలో మహేంద్ర షెడ్డుకు తీసుకొచ్చాడు.

మహేంద్రది నల్లమలలో ఒక చెంచుగూడెం. నంద్యాల ఐటీఐలో చదివి, కార్ల వైరింగు పని నేర్చుకుని, ఆళ్లగడ్డలో స్థిరపడ్డాడు. షెడ్డు వెనకే ఇల్లు. అతని భార్య సుమలత టీ తెచ్చి కృపమ్మకు ఇవ్వబోయింది.

"వద్దమ్మా. ఉపవాసంలో ఉండా" అంది కృపమ్మ.

"ఈమెకు ఈ మధ్య ఉపవాస ప్రార్థనలు ఎక్కువైనాయి. చెప్తే వినదు" అన్నాడు సంజీవయ్య. ఫిర్యాదులా మొదలుపెట్టినా ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

మహేంద్ర ముందు బ్యాటరీ వైరు ఊడదీసి కాసేపు ఆగాడు. ఎయిర్‌బ్యాగ్ పనిలో తొందర పనికిరాదు. కరెంటు పూర్తిగా పోకముందే చెయ్యి పెడితే అది మొహం మీదే విచ్చుకోవచ్చు. తర్వాత సీటు బోల్టులు విప్పి వెనక్కి వంచాడు. అడుగున పసుపు రంగు వైర్లు. కలిసేచోట ఊడదీసి చూస్తే ఒక పిన్నుకు పచ్చగా చిలుము పట్టింది.

"వాననీళ్లు దిగినాయన్నా. అద్దం దించి మర్చిపోయినారేమో" అన్నాడు.

చిలుము పట్టిన పిన్ను మార్చాడు. వైరు పొడవునా మీటరుతో కొలిచాడు. సీటు బిగించి బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే ఎర్ర లైటు కాసేపు వెలిగి ఆరిపోయింది. మళ్లీ మళ్లీ తిప్పి చూశారు. రాలేదు.

"అమ్మా, ఒకసారి కూచోండి. చూసి పంపిస్తా" అన్నాడు మహేంద్ర.

కృపమ్మ కూర్చుంది. ఎర్ర లైటు రాలేదు కానీ, వెనక వచ్చేవి చూసుకునే అద్దం కింద ఇంకో చిన్న పసుపు లైటు వెలిగింది. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ ఆగిపోయి ఉందని దాని అర్థం. పెద్దవాళ్లు కూర్చుంటే వెలగకూడని లైటు అది.

మహేంద్ర ఆమెను దిగమని, తాను కూర్చున్నాడు. లైటు ఆరింది. సంజీవయ్య కూర్చున్నా ఆరింది. కృపమ్మ కూర్చుంటే మళ్లీ వెలిగింది. సీటు ఖాళీగా పెట్టి సెన్సార్‌ను మొదటి నుంచి సరిచేశాడు. అయినా అంతే. చివరికి సుమలతను పిలిచాడు. ఆమె బక్కపలచని మనిషి. ఆమె కూర్చున్నా లైటు ఆరిపోయింది, కృపమ్మ మళ్లీ ఎక్కి కూర్చోగానే వెలిగింది.

మహేంద్ర మీటరు పక్కన పెట్టేశాడు. అతనికి అర్థమైంది. ఎలా చెప్పాలో తెలియలేదు.

"ఏందప్పా, ఇంగా పోలేదా లోపం?" సంజీవయ్య అడిగాడు.

"వైరు బాగుందన్నా. సెన్సారూ బాగుంది. ఈ సీటు బరువును బట్టి మనిషిని గుర్తుపడ్తాది. చిన్నపిల్లోళ్లు కూచుంటే ఆ బ్యాగు దెబ్బకు తట్టుకోలేరని దాన్ని ఆపేస్తాది. అమ్మ కూచుంటే చిన్నపిల్ల కూచున్యట్టు అనుకుంటాంది."

సంజీవయ్య నవ్వబోయాడు. "ఉపవాసాలకు రోంత సన్నబడింది. అంతే."

కారు దిగడానికి చెయ్యి అందించిన సుమలత కృపమ్మ చేతిని వదల్లేదు. గాజులు మోచేతి దాకా జారిపోయాయి. రవిక రెండు పక్కలా లోపలికి మడిచి కుట్టి ఉంది.

"రోంత కాదన్నా" అంది సుమలత మెల్లగా.

సంజీవయ్య భార్య వైపు చూశాడు. రోజూ చూసే మనిషే. కృపమ్మ తల వంచుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

"ఉపవాసం కాదయ్యా" అంది. "అన్నం దిగతల్యా. గంజి తాగినా ఈడ్నే నిలబడ్తాది." గొంతు కింద వేలితో చూపించింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎండాకాలం నుంచి."

"నాకెందుకు చెప్పలే?"

"మా అక్కకు ఇట్లే మొదలాయె. కర్నూలు ఆస్పత్రిలో విజయక్క పడిన పాట్లు నేను పక్కనుండి చూసినా. నా కోసం నువ్వు ఆ ఆస్పత్రి వరండాలో పడుకోవద్దనుకున్యా."

"దేవుని పేరు చెప్పి నాతో అబద్ధమాడ్తివా?"

"ఆడితి" అంది కృపమ్మ. ఆమె కళ్లలో నీళ్లు లేవు. చాలాకాలంగా మోస్తున్న బరువు దించినట్టు భుజాలు మాత్రం వాలాయి.

సంజీవయ్య తాళంచెవి తీసుకున్నాడు. కారు తలుపుకు పెట్టబోతే అది కింద పడింది. మహేంద్ర వంగి తీసుకుని, షెడ్డు తలుపు దించేశాడు.

"నేను నడుపుతా అన్నా. నంద్యాలకు పోదాం. మీరిద్దరూ వెనక కూచోండి."

దారిలో ఒకచోట సంజీవయ్య, "నీళ్లు దిగుతాయా?" అని అడిగాడు. "చిన్నగా తాగితే దిగుతాయి" అంది ఆమె. అతను సీసా మూత తీసి ఇచ్చి, ఆమె తాగేదాకా చూస్తూ కూర్చున్నాడు.

నంద్యాలలో గొంతులోకి గొట్టం వేసి చూసిన డాక్టరు, అన్నవాహికలో గడ్డ ఉందన్నాడు. కర్నూలుకు రాసిచ్చాడు. కృపమ్మ భయపడ్డ వరండాలోనే సంజీవయ్య దుప్పటి పరుచుకున్నాడు. కరెంటు పెట్టడమని అందరూ అనే రేడియేషన్ చికిత్సకు గడ్డ కరిగింది. ఆమె ముందు రాగి జావ, తర్వాత మెత్తగా పిసికిన అన్నం తినగలిగింది. క్రిస్మస్‌కు చర్చిలో కేకు ముక్క నోట్లో వేసుకుని, అది దిగేదాకా ఓపిగ్గా కూర్చుంది. పసుపు పంట తవ్వేటప్పుడు గట్టు మీద నిలబడి కూలీలకు మజ్జిగ పోసింది. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఆస్పత్రికి వద్దంది. ఇద్దరూ కలిసే ఆ మాట అనుకున్నారు. రుద్రవరంలో తన మంచం మీదే, తెల్లవారుజామున పోయింది.

జ్ఞాపకార్థ కూటానికి పిలవడానికి సంజీవయ్య బస్సులో ఆళ్లగడ్డ వచ్చాడు. సుమలత ఇచ్చిన నీళ్లు తాగి, కూటం ఆదివారమని చెప్పాడు.

"ఆ దినం నేను ఆమె ఎదురుగా ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకుంటాంటా అన్నా" అన్నాడు మహేంద్ర. "ముందర నీకొక్కనికే చెప్పింటే బాగుండు."

సంజీవయ్య తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పకుంటే ఆమె అంతా దిగమింగుకొనే పొయ్యుండు. నేను పక్కనే ఉండి కూడా తెలుసుకోలే. ఆ దినం నుంచి నొప్పి లేస్తే లేస్తాందని చెప్పె. భయమైతే భయమని చెప్పె. అంతకుముందు నాకెప్పుడూ చెప్పలేదప్పా అట్ల."

లేచి కండువా భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి సుమలత వైపు తిరిగాడు.

"పెందలాడే రాండమ్మా ఆదివారం. ప్రార్థన అయినాక నాతోపాటు కూచొని తినాల మీరిద్దరూ" అన్నాడు.